తెరచాపలో వదిలిన గడి

ఈ ఉదయం కరీంనగర్‌లోని మా పనిగదిలో గురివింద గింజల జిగురు మంటకు కాస్త మాడింది. ఆ వాసనకు నర్సయ్య కాక గుర్తొచ్చి, చేతిలో పట్టుకారు ఆగిపోయింది. వెంట్రుకంత సన్నని వెండి తీగను చుట్టలు చుట్టి, ఆ జిగురుతో అతికించి బొమ్మలు చేసే పని నాకు నేర్పింది ఆయనే. సుల్తానాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చే నన్ను చూసి, ఆడపిల్లకు మంట దగ్గర పనేమిటని తోటివాళ్లు గొణిగేవారు. "ఆమె వేళ్లు చూసిన్రా? మీ నోళ్లకన్న మంచిగ పనిజేస్తయి" అని ఆయన ఒక్కసారే అన్నాడు. మళ్లీ ఎవరూ నోరెత్తలేదు.

కాకకొక అలవాటుండేది. ఏ వస్తువునూ పూర్తిచేసి ఇచ్చేవాడు కాదు. చివరి గడి ఒకటి ఖాళీగా వదిలి, తీసుకునేవాళ్ల ఎదుట కూర్చుని, అందులో తీగచుట్ట బిగించేవాడు. "మనం ఎట్ల చేసినమో వాళ్లు కండ్లార చూడాలె. గప్పుడే మన మొఖం యాదికుంటది" అనేవాడు.

ఒక గల్ఫ్ దేశానికీ మనకూ మధ్య దౌత్య, వ్యాపార సంబంధాలు మొదలై చాలా ఏళ్లయిన సందర్భంగా హైదరాబాద్‌లో సభ పెట్టారు. ఆ దేశం నుంచి వచ్చే అతిథికి కానుకగా వెండి ఓడ చేయమని ఆర్డరొచ్చింది. కాక తమ్ముడు మల్లేశం పనికి వెళ్లింది ఆ దేశానికే. అక్కడి యజమాని అతని పాస్‌పోర్టు దాచేసుకున్నాడు. అప్పటికి ఎనిమిది నెలలుగా ఫోను లేదు. సముద్రం చూడని మనిషివి, ఓడ చేస్తావా అని నేను ఆటపట్టిస్తే, "ధర్మపురి కాడ గోదాట్ల పడవ చూడలేదా? దానికి జర పెద్ద రెక్క పెడ్తె ఓడే!" అని నవ్వాడు. కాక నోట చాలా రోజుల తర్వాత విన్న నవ్వు అది.

సభకు ముందురోజు, కాక ఏదో పనిమీద బయటికి వెళ్లినప్పుడు, ఒక అధికారి ఓడను చూడటానికి వచ్చాడు. తెరచాపలో ఖాళీ గడిని చూసి ముఖం చిట్లించాడు. "ఇదేం లోపం? ఇలాగైతే తీసుకోం" అని వెళ్లిపోయాడు. అంత పెద్ద వేదిక మీద కాకను కూర్చోబెట్టి ఎవరు నింపనిస్తారులే అనుకున్నాను. ఆర్డరు పోతుందన్న భయంతో ఆ గడిని నేనే నింపి, కాకకు చెప్పకుండానే ఓడను పెట్టెలో సర్దేశాను.

మర్నాడు సభ గుమ్మంలో ఆ అధికారే పెట్టె తెరిచాడు. కాక తెరచాప వైపు ఒక్క క్షణం చూశాడు. "పని పూర్తయింది కదా, ఇక మీరు వెళ్లి కూర్చోండి" అని అధికారి పెట్టె తీసుకుపోయాడు. వెనక వరుసలో కూర్చున్నాం. రెండు దేశాల స్నేహం గురించి వేదిక మీద ఎంతో చక్కగా మాట్లాడారు, అందరూ చప్పట్లు కొట్టారు. కాక అంగీ జేబులో ఒక కాగితం చెమటకు తడిసిపోతోంది. ఏమిటని అడిగాను.

"మల్లేశం గురించి అర్జీ. నిన్న పోయి రాయించుకొచ్చిన. గడి నింపేటప్పుడు ఆ పెద్దమనిషి ముంగట రెండు నిమిషాలు దొరుకుతయనుకున్న. తియ్ బిడ్డా, ఇంక లాభం లేదు."

నాలుగు నెలలకు మల్లేశం శవమై శంషాబాద్‌లో దిగాడు. ఆ రెండు నిమిషాలు దొరికి ఉంటే బతికి వచ్చేవాడో లేదో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే ఇన్నేళ్లుగా నన్ను తొలిచేస్తోంది.

కాక మంచం పట్టి, పెద్దపల్లిలో కూతురింట్లో ఉన్నప్పుడు వెళ్లి, ఆ గడి నింపింది నేనేనని ఏడుస్తూ చెప్పాను.

"గుమ్మంలనే తెలిసింది బిడ్డా. నేను నేర్పిన చెయ్యిని నేను గుర్తుపట్టనా?"

"మరి ఒక్క మాటన్నా అనలేదేంది కాకా?"

"అంటె నువ్వు పని ఇడ్సిపెట్టి పోతువు. తమ్ముడు పాయె. నువ్వు సుత పోతె నాకెవలున్నరు?"

ఆయన పోయి మూడేళ్లు. ఇప్పుడు ఎవరి పనిలో ఏ వెలితి కనిపించినా, సరిచేసే ముందు అది ఎందుకుందని అడుగుతాను. ఆ రోజు కాకను అడగలేదు.