మేకుకు తగిలించిన చెప్పు

సుగ్రాబీ కోపం ఆదోనిలో అందరికీ తెలిసిందే. ఆమె కూరగాయల అంగట్లో అడుగుపెడితే అమ్మేవాడే ముందుగా పుచ్చు వంకాయలు ఏరి పక్కన పెట్టేవాడు. మంత్రాలయం బస్సెక్కితే కండక్టరు చిల్లర వెతికి చేతిలో పట్టుకునే ఆమె దగ్గరికి వచ్చేవాడు. ఇలాంటి మనుషుల గురించి చెప్పేటప్పుడు పైకి కోపమే గానీ లోపల మనసు వెన్న అంటారు చాలామంది. నేను అనను. ఆమెకు లోపలా కోపమే ఉండేది, ఉండడానికి కారణాలూ ఉండేవి.

ఆమె భర్త ఇబ్రహీం అందుకు పూర్తిగా భిన్నం. పత్తి మిల్లులకు పోయే దోవలో రేకుల కప్పు వేసుకుని కొలిమి పెట్టుకున్నాడు. గొర్రు కర్రులు, గుంటక పలకలు, బండి పట్టాలు, ఏది తెచ్చినా నవ్వుతూ చేసేవాడు. డబ్బులు తర్వాత ఇస్తామన్నా నవ్వేవాడు. సుగ్రాబీ అతని పక్కన నిలబడి తిత్తి ఊదేది, పెద్ద ఇనుము కాలినప్పుడు సమ్మెట ఎత్తేది. మొగుడు నవ్విన ప్రతిసారీ ఆమె సమ్మెట దెబ్బ ఇంకొంచెం గట్టిగా పడేదని ఎదురంగడి వాళ్లు చెప్పుకునేవాళ్లు.

డెబ్బై ఆరులో ఇబ్రహీం బుడ్డలు ఒలిచే మిషను చేశాడు. ఈ ప్రాంతంలో వేరుశనక్కాయల్ని బుడ్డలనే అంటారు. తొలకరి ముంగారు వాన పడిందంటే అందరికీ ఒక్కసారే విత్తనం కావాలి. ఆడవాళ్లు చేత్తో ఒలిచీ ఒలిచీ బొటనవేలి గోళ్లు లేచిపోయేవి, ఈలోగా నేల పదును ఆరిపోయేది. ఇబ్రహీం ఇనుప తొట్టి చేసి అడుగున జల్లెడ పెట్టాడు. దాని మీద అటూ ఇటూ ఊగే చేయి, ఆ చేతికి కింద ఇనుప పళ్లు. ఊపితే బుడ్డలు పగిలి జల్లెడలోంచి రాలాలి. రాలాయి కూడా, కానీ సగానికి సగం గింజలు నలిగిపోయాయి. పైపొర చిట్లిన గింజ మొలవదు. ఇబ్రహీం పళ్లు అరగదీశాడు, వంచాడు, దూరం జరిపాడు. ప్రతిసారీ బుడ్డలు పోసి ఊపి చూడవలసింది సుగ్రాబీయే.

ఒక మధ్యాహ్నం ఆమెకు ఓపిక చచ్చిపోయింది. గంపను ఒక్క తన్ను తన్నింది. బుడ్డలు వాకిలి నిండా చెల్లాచెదురైతే వాటి మీదే అటూ ఇటూ తొక్కుతూ మిషనునూ, దాన్ని చేసిన మొగుణ్ణీ, ఆ మొగుడికిచ్చి చేసిన తన తండ్రినీ కలిపి తిట్టింది. ఇబ్రహీం తమ్ముడు అబ్దుల్ రహీమ్ అప్పటికి మీసాలొస్తున్న వయసు. స్తంభానికి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. తిట్లు అయిపోయాక పారబోసింది తనే కదా అని చీపురు తీసుకుని వంగిన సుగ్రాబీ అలాగే ఆగిపోయింది. ఆమె చెప్పుల కింద పడిన బుడ్డలన్నీ విచ్చుకుని ఉన్నాయి. గింజలకు మాత్రం గీత కూడా పడలేదు.

అవి టైరు చెప్పులు, పోయిన ఉరుకుంద తిరునాళ్లలో కొన్నవి. సుగ్రాబీ అక్కడే కూర్చుని వాటిని విప్పింది, వార్లు కోసి పారేసింది, అట్టల్ని మిషను ఇనుప పళ్ల మీద మేకులతో కొట్టింది. ఊపి చూసింది. గింజలు నిండుగా రాలాయి. ఇబ్రహీం నవ్వి కొత్త చెప్పులు కొనిస్తానన్నాడు. ఆ ఎండాకాలమంతా ఆమె ఒట్టి కాళ్లు మాడ్చుకుంటూనే నడిచింది. అతను మరిచిపోయాడు, ఆమె మరిచిపోలేదు.

మిషను మాట ఊళ్లకు పాకింది. చూడడానికి వచ్చిన పల్లెల కమ్మర్లకు ఇబ్రహీం ఏదీ దాచలేదు. ప్రతి భాగానికీ రేకు మీద అచ్చు కోసి, అంగడి బయట ద్వారబంధానికి పెద్ద మేకు కొట్టి దానికి తగిలించాడు. "గీసుకోని పోండి, చేసుకోండి, అమ్ముకోండి. ఇంగెవురన్నా అడిగితే కాదనొద్దు. మీరు ఏమన్నా మార్చింటే ఆ ముక్క తెచ్చి ఈ మేకుకే తగిలియ్యండి," అనేవాడు. అంతే షరతు. ఆ షరతు మీదే హొళగుంద దగ్గర్నుంచి ఎమ్మిగనూరు దాకా ఊరూరా కొలుములు ముంగారు ముందర నెలల తరబడి ఆరకుండా మండేవి.

ముక్కలు తిరిగి వచ్చాయి కూడా. ఎమ్మిగనూరు వైపు నుంచి హనుమన్న అనే వడ్రంగి ఇద్దరు నిలబడి ఊపేలా పొడుగు పిడి చేసి దాని అచ్చు తెచ్చాడు. ఆలూరు దోవలో కూలికి పోయే ప్రభుదాసు సన్న బుడ్డలకు పనికొచ్చే జల్లెడ అల్లుకొచ్చాడు. వచ్చినవాళ్లకు ఇబ్రహీం ఒక్కొక్క ముక్కా ముట్టి చూపించేవాడు. ఇది హనుమన్న పిడి, ఇది ప్రభుదాసు జల్లెడ. అదే మేకుకు పాదం ఆకారంలో ఒక టైరు ముక్క కూడా వేలాడేది. దాన్ని మాత్రం టైరు ముక్క అనేవాడు.

తిత్తి ఊదుతూ సుగ్రాబీ ఆ మాట ప్రతిసారీ వినేది. ఊళ్లో ఎవరి మీదైనా గొంతెత్తగల మనిషి, ఆ ఒక్క విషయంలో నోరు తెరవలేదు. అడిగి చెప్పించుకోవాలా అని ఆమె పంతం. మంచివాడని లోకమంతా అనే మొగుడి మీద ఆమెకున్న కోపాల్లోకెల్లా పెద్దది ఇదే. ఎనభై రెండులో కామెర్లొచ్చి ఇబ్రహీం పోయాడు. ఏడ్చింది, మనసారా ఏడ్చింది. ఆ కోపం మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

అంగడి రహీమ్ చేతికొచ్చింది. రహీమ్ చెడ్డవాడు కాదు, విసిగినవాడు. ఎవరెవరో చేసుకున్న మిషన్లు చెడిపోతే అందరూ ఈ అంగడికే మోసుకొచ్చేవాళ్లు. ఇబ్రహీం పేరు చెప్పి ఊరికే బాగుచేయమనేవాళ్లు. కాస్త ఆలస్యమైతే మీ అన్న ఇట్లా కాదప్పా అనేవాళ్లు. వాళ్లను సుగ్రాబీ కూడా తిట్టేది, తిడుతూనే బోల్టులు బిగించేది.

ఎనభై నాలుగులో ముంగారుకు ముందు ఎమ్మిగనూరు నుంచి శేషప్ప వచ్చాడు. ఇనుప సామాన్ల వ్యాపారి, పెద్ద షెడ్డు కట్టుకున్నాడు. అచ్చులన్నీ తనకు రాసిస్తే మిషన్లు ఇక తన షెడ్డులోనే తయారవుతాయి, రహీమ్ అక్కడ మేస్త్రీగా ఉంటాడు, పల్లెల్లో కమ్మర్లు చేయడం మానేయాలి. మేకు మీద ముక్క ఉన్న ప్రతివాడూ ఒప్పుకుని కాగితం మీద చెయ్యి పెట్టాలన్నాడు శేషప్ప. రేపు ఎవడో వచ్చి నా ముక్క అని తగువు పెట్టుకుంటే కష్టమని అతని భయం. రహీమ్ బస్సులెక్కి తిరిగాడు. హనుమన్నను కలిశాడు, ప్రభుదాసును కలిశాడు. రోజూ వదిన పెట్టిన అన్నం తిని పోతూ, ఆమెతో మాత్రం ఒక్క మాటా అనలేదు.

కాగితం రాసుకునే రోజు సుగ్రాబీ ఎప్పటిలాగే అన్నం క్యారియరు తీసుకుని అంగడికి వచ్చింది. ద్వారం దగ్గర ఆగింది. మేకు ఒట్టిగా ఉంది. లోపల బెంచీ మీద శేషప్ప, కింద హనుమన్న, ప్రభుదాసు. అచ్చులన్నీ తాడుతో కట్టి శేషప్ప కాళ్ల దగ్గర పెట్టి ఉన్నాయి.

"రేకులు ఏంటికి తీసినావు రహీమా?" అని అడిగింది. గొంతు మామూలుగానే ఉంది. ఆమెను ఎరిగిన హనుమన్న సర్దుకుని కూర్చున్నాడు.

రహీమ్ సంగతంతా చెప్పాడు. అప్పటికే తెగిపోయిన వ్యవహారంలా చెప్పాడు. "అందర్నీ అడిగినాను వదినా. ముక్క పెట్టినోళ్లందరూ ఒప్పుకున్నారు. ఈడనే ఉండారు, నువ్వే అడుగు."

"అందర్నీ అడిగినావా?"

"ఒక్కర్నీ ఇడిసిపెట్టలేదు."

సుగ్రాబీ క్యారియరు కింద పెట్టింది. వంగి అచ్చుల కట్టలోంచి టైరు ముక్క లాగింది. "ఇది ఎవురిది?"

"మా అన్నది."

ఆమె అతని మొహంలోకే చూసింది. స్తంభానికి ఆనుకుని నవ్విన పిల్లవాడు ఇతనే. అన్నీ కళ్లతో చూసినవాడే. రహీమ్ చూపు తిప్పుకున్నాడు. "సెప్పు కోసి కొట్టినావు, అంతే గదా వదినా. అదీ ఒక లెక్కనా? నువ్వు ఇంటి మనిషివి. నిన్ను ఏమని అడిగేది?"

సుగ్రాబీ ఒళ్లు భగ్గుమంది. పరాయివాళ్ల ఇళ్లకు బస్సులో పోయి అడిగినవాడు, తన చేత్తో వడ్డించిన కంచం ముందు కూర్చుని అడగలేకపోయాడు. ఆ మొగుడు పేరు పెట్టలేదు, ఈ మరిది లెక్కే పెట్టలేదు. జనానికి చూపించడానికని హనుమన్న పిడీ, ప్రభుదాసు జల్లెడా బిగించిన మొదటి మిషను అంగడి ముందర ఇంకా నిలబడే ఉంది. మేకులు పీకే సుత్తి అందుకుని ఆమె దాని దగ్గరికి పోయింది. ఊగే చేతిని తిప్పి, పళ్ల మీద అరిగి నున్నబడిన అట్టల్ని ఒక్కొక్కటే పీకింది. ఒక మేకు రాకపోతే పళ్లు బిగబట్టి ఊడేదాకా లాగింది. రెండు అట్టలూ చంకలో పెట్టుకుంది.

"నా సెప్పులు నేను తీసుకుంటాండాను. ఇంగ మిగిలింది మీ అన్నది. అది రాసియ్యి."

పరీక్షకని తెచ్చిన బుడ్డల్ని తనే తొట్టిలో పోసి పిడి రహీమ్ చేతికిచ్చింది. అందరూ చూస్తుంటే ఊపక తప్పలేదు. జల్లెడ కింద పిండీ పొట్టూ కలిసి రాలింది. శేషప్ప కాస్త తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు, జిడ్డు అంటింది.

"దీనికేముందమ్మా, ఇంకో టైరు ముక్క కొడితే పాయె," అన్నాడు శాంతంగా.

"కొట్టుకో అప్పా. వద్దన్నోళ్లు ఎవురు? ఆ మేకు ఈడనే ఉండె, గీసుకోని పోయింటే నిన్ను ఎవురాపినారు? నీకు మిషను కావాలని రాలేదు. ఇంగెవురూ చెయ్యకూడదని వచ్చినావు. ఆ మాట ఈ కాగితం మీదికి రావాలంటే నా చెయ్యి పడాల. నేను పెట్టను."

హనుమన్న లేచి నిలబడ్డాడు. "పల్లెల్లో చేసేది మానుకోవాలని నాకు సెప్పలేదే రహీమూ. అందరి పేర్లూ బోర్డు మీద రాస్తారంటివి."

"నాకూ అదే సెప్పినాడు," అన్నాడు ప్రభుదాసు. "మా ఊరి కమ్మరి ఈ పని మీదనే పిల్లోళ్లను సాకుతాండాడు. నేను వేలిముద్ర యెయ్యను."

హనుమన్న పోయి తన పొడుగు పిడి మిషను నుంచి ఊడదీసి భుజాన పెట్టుకున్నాడు. ప్రభుదాసు జల్లెడ లాగాడు. చివరికి తొట్టి, తుప్పు పట్టిన పళ్లు మాత్రం మిగిలాయి. శేషప్ప ఆ మిగిలినదాన్ని కాసేపు చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నలుగురి తగువుండే సరుకు తనకు వద్దని చెప్పి బస్టాండు వైపు నడిచాడు.

సుగ్రాబీ తాడు విప్పి అచ్చుల్ని తనే మేకుకు తగిలించింది. టైరు ముక్కను చివర తగిలిస్తూ రహీమ్‌ను పిలిచింది. "ఇది ఏందో సెప్పు."

రహీమ్ వచ్చి, అన్న చూపించినట్టే ఆ ముక్కను ముట్టాడు. "సుగ్రాబీ సెప్పు," అన్నాడు.

"ఎవురొచ్చినా ఆ మాటే సెప్పాల."

పది రోజులు తిరక్కుండానే శేషప్ప షెడ్డు నుంచి ఒక పనివాడు రేకూ సుద్దముక్కా పట్టుకుని వచ్చాడు. మొహం చెల్లక వీధి చివరే నిలబడి ఉంటే సుగ్రాబీయే కేకేసి పిలిచింది. అచ్చులు అతని ముందు విసిరి షరతు రెండుసార్లు అప్పజెప్పించుకుంది. అతను గీస్తున్నంతసేపూ పక్కనే నిలబడి గీత వంకర పోయిందని తిట్టింది. ఆ ఏడు వానకు షెడ్డులోనూ మిషన్లు తయారయ్యాయి, పల్లెల్లోనూ తయారయ్యాయి. చెడిపోయినవన్నీ మళ్లీ సుగ్రాబీ వాళ్ల అంగడికే వచ్చాయి.

వదినా మరిదీ ఒకే కొలిమి దగ్గర పని చేస్తూ మాటల్లేకుండా శ్రావణం దాకా వచ్చారు. ఆమె అన్నం తేవడం మానలేదు. క్యారియరు బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టి పోయేది. ఉరుకుంద తిరునాళ్లు ముగిశాక రహీమ్ ఆమె గడపలో టైరు చెప్పులు ఒక జత పెట్టి నిలబడ్డాడు. ఆమె వాటిని తిప్పి కుట్టు చూసింది, వార్లు లాగి చూసింది. బాగాలేవని అనలేదు.

"వదినా, ఆ పొద్దు నిన్ను గూడా అడిగింటే నువ్వు ఒప్పుకునేదానివా?"

ఆ సంగతి సుగ్రాబీకి కూడా తెలియదు. ఊరికే చేసే రిపేర్లతో ఆమె చేతులు కూడా పుండ్లయ్యాయి. సరే కానీ అని ఉండేదేమో. ఆలోచించి చెప్పే హక్కు ఒకటి తనకుండేదని, అది ఇతను తన్నుకుపోయాడని మాత్రం బాగా తెలుసు.

"అడిగింటే గదా తెల్సేది," అంది.

కొత్త చెప్పులు వేసుకుని అతన్ని దాటుకుని అంగడికి బయలుదేరింది.