సర్పంచ్ సుకుమారి సంతకం

గడ్డపోతారం అవతల ఉన్న మా ఊరికి సర్పంచ్ ఎవరని అడిగితే సగం మంది అబ్రహాము పేరే చెబుతారు. మేము ఓట్లు వేసింది మాత్రం ఆయన భార్య సుకుమారికి. సీటు మహిళలకు వచ్చింది కాబట్టి పేరు ఆమెది, పెత్తనం ఆయనది. ఇందులో తప్పుందని ఊళ్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, సిగ్గుపడే చెబుతున్నాను.

సుకుమారి ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారాల్సిందేనని చర్చిలో ఆడవాళ్లు నవ్వుకుంటారు. అంత పట్టింపు మనిషి. ప్రమాణం నాడు దైవసాక్షిగానా, ఆత్మసాక్షిగానా అని అధికారి అడిగితే దేవుడి పేరే తీసుకుంది. "ఉత్త మాటకు ఆయన్ని పిలువ. పిలిచిన్నంటే ఇగ మాట తప్ప," అని మాతో అంది.

అంత మనిషీ ప్రతి సోమవారం పంచాయతీ లెటర్‌ప్యాడ్‌లో ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టేది. "పది పెట్టు. మీటింగులు, ప్రార్థనలని తిరుగుతుంటవ్, మల్ల యాడ దొరుకుతవ్," అనేవాడు అబ్రహాము. మొగుడే కదా అని పెట్టేది.

మొన్న పంచాయతీ ఆఫీసులో జరిగిన గ్రామసభలో మా వాడకట్టు ముత్యమ్మ సీసాడు బోరునీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. పచ్చగా ఉన్నాయి, మందుల కంపు. "గీ నీళ్లు బర్రెలు గూడ ముడుతలేవు సుకుమారక్కా. ఊరి పక్క మందుల కంపెనీ ఇంకో యూనిట్ పెడతదట. మా ఊరికి వద్దని రాయి."

"రాస్త," అంది సుకుమారి.

కార్యదర్శి ప్రవీణ్‌కుమార్ ఫైలు తెరిచి ఆమె ముందుకు జరిపాడు. "మేడం, ఊరికి అభ్యంతరం లేదని మీ లెటర్ వచ్చి పది రోజులాయె. రేపు పైకి పంపాలె."

కింద సంతకం ఆమెదే. పైన టైపు చేసిన మాటలు ఆమె ఎన్నడూ చూసినవి కావు. అబ్రహాము అదే కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు, పర్మినెంట్ చేస్తామన్నారు. తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. నాకు ఆయన మీద ఒళ్లు మండింది. సుకుమారి పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

"నేను ఖాళీ కాయితం మీద సంతకం పెట్టిన, ఆ మాటలు నావి కావు. గట్లనే తీర్మానంల రాయి," అంది చివరికి.

ప్రవీణ్‌కుమార్ గొంతు తగ్గించాడు. "ఖాళీ కాయితం మీద సంతకం పెట్టుడే తప్పు మేడం, గట్ల రాస్తే మీ కుర్సీకే ఎసరు. ఉపసర్పంచ్ కూసుంటడు, ఆయన లారీలు ఆ కంపెనీకే నడుస్తయి. అబ్రహామన్న నౌకరీ గూడ పోతది."

"రాయకపోతే?"

"గీ లెటరే ఊరి మాటయితది."

ఆమె ఒకసారి తలుపు వైపు, ఒకసారి బల్ల మీది నీళ్ల సీసా వైపు చూసింది. భయపడిందని మాకందరికీ కనిపిస్తూనే ఉంది.

"రాయి. ప్రమాణం చేసింది నేను, ఆయన కాదు."

ప్రవీణ్‌కుమార్ రాశాడు. ఆమె సంతకం పెట్టి లేచింది. అబ్రహాము తలుపు దగ్గర నుంచి కదల్లేదు. పంచాయతీ ఆఫీసుకు ఉన్నది ఆ ఒక్క తలుపే, ఆమె పోవాల్సింది ఆయన ఇంటికే.