గరాజ్‌లో పెట్టిన సీసా

మా ఇంట్లో వైన్ గురించి మాట్లాడే హక్కు మా వారిదే. నాకు తెలిసిందల్లా పుల్లగా ఉందా, తియ్యగా ఉందా అన్నంతవరకే. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి నేనే చెప్పాలి. తప్పులుంటే ఆయన్నే వచ్చి దిద్దమనండి.

ఆయన రిటైరైన ఏడు, టెక్సాస్‌లో మేముండే కాపెల్ నుంచి కాలిఫోర్నియా వెళ్ళాం. లోడై అనే ఊరి దగ్గర ఒక ముసలావిడ తోట చూశాం. వాళ్ళ తాత నాటిన జిన్‌ఫాండెల్ రకం ద్రాక్ష తీగలు. తీగలంటే పందిరి మీద పాకేవి అనుకునేరు. పందిరీ లేదు, కర్రా లేదు. నడుమెత్తు మోడుల్లా వాటి కాళ్ళ మీద అవే నిలబడ్డాయి. అక్కడిది ఇసుక నేల. వేర్లు తినే పురుగు ఇసుకలో బతకదట, అందుకే అన్నేళ్ళు ఉన్నాయంది. ఒకప్పుడు అమెరికాలో మద్యనిషేధం రోజుల్లో ఆ చుట్టుపక్కల పళ్ళన్నీ రైలెక్కి దూరదూరాలకి వెళ్ళేవట, జనం ఇళ్ళల్లో వైన్ చేసుకోవడానికి. "నిషేధమంటే మా ఆంధ్రావాళ్ళకి చెప్పాలా!" అని ఈయన ఒకటే నవ్వు.

ఆవిడ వైన్‌లో ఏమీ కలపదు. పళ్ళని తొట్టిలో వేసి కాళ్ళతో తొక్కి వదిలేస్తుంది. ఈస్ట్ వెయ్యదు, పాడవకుండా మందు వెయ్యదు, వడకట్టదు. నేను అనుమానంగా చూస్తుంటే ఈయన నాకు పాఠం చెప్పారు. "ఇడ్లీ పిండిలో నువ్వేం కలుపుతున్నావే? దానంతటదే పులవట్లేదూ?"

పెరట్లో గడ్డి మీద కూడా చెప్పుల్లేకుండా నడవని మనిషి, ఆ రోజు కాళ్ళు కడుక్కుని, ప్యాంటు మడిచి తొట్టిలో దిగారు. బయటికొచ్చేసరికి పారాణి పెట్టిన పెళ్ళికొడుకులా ఉన్నారు. రెండు రోజులు రుద్దినా ఆ ఎరుపు పోలేదు.

మరుసటేడు ఆవిడ రెండు సీసాలు పంపింది, ఒక ఉత్తరంతో. ఆ పళ్ళు కొనేవాళ్ళు లేక తోట పీకించేశానని, అక్కడ బాదం వేస్తున్నారని రాసింది. "ఇది మీరు తొక్కిన వైనే. వేడికి ఓర్చుకోదు. మీరు హాయిగా నిద్రపోగలిగే చోట దాచండి" అంది. ఈయన బెడ్‌రూమ్ అలమరాలో, తన చొక్కాల కింద పడుకోబెట్టారు. ఒకటి ఇద్దరం తాగాం. రెండోది ముప్పయ్యో పెళ్ళిరోజుకి అన్నారు.

దానికి ఏడాది ముందే, ఆగస్టులో ఒక ఉదయం, కాఫీ కలుపుకుంటూ కూలిపోయారు.

సీసా మాత్రం అక్కడే ఉంది. రోజూ ఆ చొక్కాలు తీసి వాసన చూసేదాన్ని, సీసాని ఒకసారి తాకేదాన్ని. పెళ్ళిరోజు వస్తుంది, ఆయన కాళ్ళు తగిలిన ఆ వైన్ ఒక్క గ్లాసు తాగుతాను. ఆ ఏడాదంతా ఆ ఆశ మీదే లేచి తిరిగాను.

సంవత్సరీకం వచ్చింది. పంతులుగారు, మడి వంటకి ఒకావిడ వస్తారంటే ఇల్లంతా కడిగాను. ఫ్రిజ్‌లోంచి గుడ్లు, ఉల్లి, వెల్లుల్లి తీసి పక్కింటివాళ్ళకిచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది సీసా. పితృకార్యం జరిగే ఇంట్లో మద్యమా! ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నా బుద్ధి గడ్డి తిని, నేనే తువ్వాల్లో చుట్టి గరాజ్‌లో పెయింట్ డబ్బాల పక్కన పెట్టాను. రెండు రోజులే కదా అనుకున్నాను. ఆగస్టులో మా గరాజ్‌లో వడియాలు పెడితే పూటలో ఎండిపోతాయి.

మా అబ్బాయి తద్దినం పెట్టాడు. గారెలు, కందకూర, పరమాన్నం అన్నీ విస్తట్లోకి వచ్చాయి. "ఆయనకిష్టమైనవన్నీ చేయించారామ్మా?" అన్నారు పంతులుగారు. "అన్నీ పెట్టానండీ" అన్నాను.

చుట్టాలు వెళ్ళాక మంచం పట్టాను, మళ్ళీ దిగేసరికి మూడు వారాలు. సీసా సంగతి మర్చిపోయాను. అదెలా మర్చిపోయానో నాకు నేనే చెప్పుకోలేను.

పెళ్ళిరోజు సాయంత్రం అబ్బాయి వచ్చాడు. బల్ల మీద రెండు గ్లాసులు పెట్టి, అలమరా తెరిచి, చొక్కాల కింద చెయ్యి పెట్టాను. ఏమీ తగల్లేదు. అప్పుడు గరాజ్‌లోకి పరిగెత్తాను. బిరడా పైకి పొడుచుకొచ్చింది. తువ్వాలంతా ఎర్రగా తడిసి ఎండింది.

వాడు వాసన చూశాడు. "అమ్మా, ఇట్స్ వెనిగర్. పర్లేదు, ఇంకోటి ఆర్డర్ చేద్దాం."

"ఏ తోట నుంచి రా?" అన్నాను.

మర్నాడు పంతులుగారికి ఫోన్ చేశాను, ఎవరితోనో ఒకరితో దెబ్బలాడాలిగా. ఆయన అంతా విని, "లోపల అలమరాలో ఉంటే ఏమైందమ్మా? తలుపేసి ఉంచితే చాలదూ? మేం మీ బట్టల అలమరాలు తెరిచి చూస్తామా?" అన్నారు మెల్లిగా. నాకు దెబ్బలాడ్డానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ఆ సీసా పారబొయ్యలేదు. అడుగున మిగిలింది గ్లాసులో ఒంపుకుని తాగాను. గొంతు మండింది. మడ్డి పళ్ళకి తగిలింది. తద్దినం రోజు ఆయనకి అన్నీ పెట్టానని చెప్పాను. ఆయన కాళ్ళతో తొక్కింది మాత్రం, నేను ఆ మాట చెబుతుండగా, గోడవతల ఉడికిపోతోంది.