సిరా ఒలికిన హాజరుపట్టీ

నా చిన్నప్పుడు మా నాలుగో తరగతికి ఒక కొత్త పంతులమ్మగారు వచ్చారు. ఆవిడని ఎలాగైనా వెళ్ళగొట్టాలని మేమంతా మొదటి వారంలోనే తీర్మానించుకున్నాం. అందులో అందరికంటే ముందున్నది నేనే.

మాది చల్లపల్లి దగ్గర ఒక ఊరు. పొలాలున్న కుటుంబం. ఆవిడ సముద్రం వైపు నుంచి, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లోంచి చదువుకుని వచ్చినావిడ. ఆవిడ మాట వస్తే చాలు, మా నాయనమ్మ మూతి తిప్పుకునేది. పెద్దవాళ్ళు ఇంట్లో అన్న మాటలే మేం బళ్ళో చేతల్లో చూపించాం.

ఆ రోజు పొద్దున్న తెలుగు వాచకం. ఆవిడ పాఠం చదువుతుంటే మేం నోళ్ళు మూసుకుని ముక్కుతో కూనిరాగం తీశాం. ఆవిడ ఆగితే మేమూ ఆగేవాళ్ళం. తరవాత సాంఘికం. కృష్ణ ఎక్కడ రెండు పాయలవుతుందని అడిగారు. అందరికీ తెలుసు, ఒక్కరమూ నోరు విప్పలేదు. ఆ తరవాత లెక్కలు. భాగహారం చెయ్యమని నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. నాకు రాదు. రాదని ఒప్పుకోవడం ఇష్టం లేక సుద్దముక్కతో ఒక చేపని గీసి, దానికి ఆవిడ కళ్ళజోడు లాంటిది పెట్టాను. తరగతంతా విరగబడి నవ్వింది. ఆవిడ నన్ను కొట్టలేదు. బొమ్మ తుడిచేసి, "వెళ్ళి కూర్చో" అన్నారు. మొహం మాత్రం ఎర్రబడింది.

మధ్యాహ్నం అన్నాలకి ఇళ్ళకి వెళ్ళి, నేను అందరికంటే ముందు తిరిగొచ్చాను. గదిలో ఎవరూ లేరు. బల్లమీద హాజరుపట్టీ, పక్కనే సిరాబుడ్డి ఉన్నాయి. బుడ్డి ఎత్తి పట్టీ మీద బోర్లించాను. నా పావడా అంచుకి కూడా సిరా అంటింది. మడిచి నడుం దగ్గర దోపుకున్నాను.

బడి మొదలవగానే, తడిసిన పట్టీ చూసిన పెద్ద మాస్టారు బెత్తం పట్టుకుని వచ్చారు. అన్నం వేళ బడిలో ఎవరున్నారని అడిగారు. మా పాలేరు కూతురు లేచి నిలబడింది. ఇల్లు దూరం కావడంతో ఆ పిల్ల రోజూ వరండాలోనే తినేది. ఆయనకి ఇంకేం అక్కర్లేకపోయింది. చెయ్యి చాపమన్నారు. ఆ పిల్ల చాపింది. నేను తల దించుకుని కూర్చున్నాను.

"ఆగండి మాస్టారూ. నా చెయ్యి తగిలే ఒలికిందండీ" అన్నారు పంతులమ్మగారు.

"ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా? ఇలాంటి వాళ్ళని పంపితే ఇంతే" అని ఆయన మా అందరి ముందే ఆవిడని తిట్టి, పట్టీ మొత్తం తిరగరాయమని చెప్పి వెళ్ళిపోయారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సంతోషమే వేసింది.

ఆఖరి గంట బొమ్మలు వేసుకోవడం. పిల్లలందరికీ పని పెట్టి, ఆవిడ నన్ను బల్ల దగ్గరికి పిలిచారు. మిగతావాళ్ళకి వినపడకుండా మాట్లాడారు.

"నీ పావడా చూశాను. ఆ పిల్ల చెయ్యి చాపినప్పుడు నువ్వు కూర్చునే ఉండటం కూడా చూశాను."

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"చెబితే ఆయన నిన్ను కొడతారు. నావల్ల దెబ్బలు తిన్నావని రేపటినుంచి మీవాళ్ళు నిన్ను బడికి పంపరు. నా తరగతిలో ఒక పిల్ల తగ్గుతుంది." తడిసిన పట్టీ పక్కకి జరిపారు. "నీమీద నాకు చాలా కోపంగా ఉంది. ఇవాళో రేపో పోయే కోపం కాదది. అది వేరు. నీకు భాగహారం రాదు. పలక తీసుకురా."

బడి వదిలేదాకా నేర్పించారు. గొంతులో ఎక్కడా మెత్తదనం లేదు. తప్పు చేసినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి చూపించారు. నాకు ఏడుపొచ్చింది. "ఏడుపు తరవాత. శేషం ఎంత?" అన్నారు.

ఏడాదంతా అలాగే గడిచింది. ఆవిడ నన్ను చూసి ఒక్కసారి కూడా నవ్వలేదు. నాకు రావలసిన పాఠాన్ని ఒక్కరోజూ తగ్గించలేదు. ఆవిడమీద నాకూ ఇష్టం పుట్టలేదు, కూనిరాగాలు మాత్రం మానేశాను. పాలేరు కూతురికి నేను క్షమాపణ చెప్పనేలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

పెద్దయ్యాక పట్నం వెళ్ళి, గవర్నర్‌పేటలో ఒక ఆస్పత్రిలో నర్సుగా ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఒకసారి ఒక పెద్దమనిషి, నేను పోసిన మందు నా మొహం మీదే ఉమ్మేసి నానా మాటలూ అన్నాడు. బయటికి వెళ్ళి మొహం కడుక్కున్నాను. ఆయన్ని ఆరోజే కాదు, ఈరోజుకీ క్షమించలేదు. కానీ వెనక్కి వచ్చి, తల కింద చెయ్యి వేసి లేపి, మళ్ళీ మందు పోశాను. ఆయన ఇంటికి వెళ్ళిన రోజు దాకా ఒక్క పూట కూడా మందు వేళ తప్పనివ్వలేదు.