కదలకుండా నిలబడిన కుక్క

మా నాన్న ఎద్దును చూసి దాని మనసు చెప్పగలడు. బండలాగుడు పందెంలో జత కాడి కింద నిలబడితే చాలు, చెవులు ఎటు తిరిగాయో, తోక మొదట్లో బిగువు ఉందో లేదో చూసి, ఇవ్వాళ ఇవి లాగవని దూరం నుంచే తేల్చేస్తాడు. రాజుపాలెం చుట్టుపక్కల ఎద్దులు కొనేవాళ్లు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్తారు. అలాంటి మనిషికి కుక్క ఒక లెక్కా అని మేమంతా అనుకున్నాం.

కుక్కను తెచ్చింది నేను. నరసరావుపేటలో నాతోపాటు కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన వేరే ఊరికి వెళ్లిపోతూ తన ముధోల్ కుక్కను ఎవరికైనా ఇవ్వాలని చూస్తుంటే, మా ఊళ్లో ఇంటికి బాగుంటుందని అడిగి తీసుకున్నాను. వేటకుక్కల జాతి. పొడుగు మూతి, లోపలికి పోయిన పొట్ట, సన్నటి కాళ్లు. ఇచ్చేటప్పుడు ఆయన ఒక్కటే చెప్పాడు: ఇది మీద పడి నాకే రకం కాదు, దాని మానాన దాన్ని వదిలేస్తే కావాల్సినప్పుడు అదే వస్తుంది. సరేనన్నాను. ఇంటికొచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా వాళ్లకు తెలిసినవి ఊరకుక్కలు. తోకాడిస్తాయి, కాళ్లకు చుట్టుకుంటాయి, కసిరితే పోయి మళ్లీ వస్తాయి. ఇది పిలిస్తే ఒకసారి తల తిప్పి చూసేది, ఆ తర్వాత మళ్లీ వీధి వైపు తిరిగి కూర్చునేది. వచ్చినవాళ్లంతా పొగరన్నారు. ఇంత అన్నం తినే జీవానికి ఆ మాత్రం విశ్వాసం ఉండొద్దా అని మా బాబాయి నన్ను నిలదీశాడు, ఆ అన్నం ఆయన ఇంటిది అయినట్టు.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆమె మాట్లాడేదే తక్కువ. గిన్నెలో అన్నం కలిపి వసారా చివర పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, అటు చూడకుండా బియ్యం ఏరుకునేది. కుక్క తిని, వచ్చి ఆమెకు బారెడు దూరంలో వీపు ఆమె వైపు పెట్టి పడుకునేది. అది అలక అనుకునేవాణ్ణి. నమ్మకం లేని మనిషికి ఆ జాతి వీపు చూపించదని తర్వాత తెలిసింది.

ఎద్దుకు మెడ కింద వేలాడే గంగడోలు గోకితే కదలకుండా నిలబడి కళ్లు అరమోడుస్తుంది. నాన్న చేతికి అలవాటైన సంగతి అది. ఒక ఆదివారం పొద్దున చుట్టాలొచ్చినప్పుడు, వాళ్ల ముందు కుక్కను మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని గొంతు కింద గోకడం మొదలుపెట్టాడు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడదామని నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. కుక్క కదల్లేదు.

"చూశారా, ఎట్టా నిలబడిందో. చెయ్యి పడాలంతే" అన్నాడు నాన్న.

ఆ మాట పూర్తయిందో లేదో, మణికట్టు మీద రెండు పళ్లు దిగాయి. సబ్బుతో కడిగి, ఆస్పత్రికి తీసుకెళ్లి ఇంజక్షన్లు మొదలుపెట్టించాం. తన మీదికి వచ్చిన పశువును నాన్న ఇంట్లో ఉంచుకోడు. ఒకసారి కొమ్ము విసిరిన గిత్తను ఆ వారమే సంతకు తోలేసిన మనిషి. నూజెండ్ల దగ్గర మా పెదనాన్న కొడుకు కుక్కను చేలో గొలుసేసి కట్టేసుకుంటాడని మాట్లాడేశాడు. రెండు రోజుల్లో ఆటో వస్తుందన్నాడు. గొలుసు పడితే ఆ కుక్క తిండి మానేస్తుందని ఇచ్చినాయన ఫోన్‌లో చెప్పాడు. తెచ్చింది నేను కాబట్టి నాకు సిగ్గుగానూ, భయంగానూ ఉంది.

మర్నాడు ఫోన్‌లో ఆ వీడియో పెట్టి చూశాను. కుక్క ముందు మూతి పక్కకు తిప్పుకుంది. నాన్న మళ్లీ తన వైపు లాక్కున్నాడు. అప్పుడు నాలుకతో మూతి తడుముకుంది. ఆ తర్వాత నోరు గట్టిగా మూసుకుంది, చెవులు వెనక్కి అతుక్కుపోయాయి, కంటి అంచున తెల్లగుడ్డు కనిపించింది. ఆ తర్వాతే కదలడం మానేసింది.

ఫోన్ తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను. పందెం వీడియోలు చూసినట్టే వెనక్కి జరిపి జరిపి నాలుగుసార్లు చూశాడు.

"మూడుసార్లు చెప్పింది రా. నేనే ఇనలా" అన్నాడు.

ఐదోసారి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. చుట్టాల గోలలో "ఇష్టం లేదు" అని ఒక గొంతు అంటోంది. అది అమ్మ గొంతు. ఇప్పుడు అమ్మ మజ్జిగ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆటో సంగతి విన్నప్పటి నుంచీ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టేనని అందరం అనుకున్నాం. నాన్న తలెత్తి, జత ఎద్దుల్ని చూసేంత నిదానంగా ఆమెను చూశాడు.

"దాన్ని పంపటం నీకిష్టం లేదా?"

"లేదు. ఈడనే ఉండనియ్యండి" అంది అమ్మ.

ఇంట్లో ఏ విషయమైనా ఆయన ఆమెను అలా అడగడం నేను అంతకుముందు వినలేదు. నూజెండ్లకు ఫోన్ చేసి ఆటో వద్దన్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా, దాన్ని ముట్టుకోబాకండని ఆయనే ముందు చెప్పేవాడు.

కుక్క ఉండిపోయినందుకు నాకు చాలా సంతోషం వేసింది. నాన్నకు ఇన్నాళ్లకు తెలిసొచ్చిందని కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ సాయంత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియో ఇంకోసారి చూశాను. నాన్న ఎక్కడో వసారా అవతల, గోల మధ్య ఉన్నాడు. ఆయనకు వినపడకపోవడంలో వింత లేదు. అమ్మ గొంతు మాత్రం ఫోన్ పక్కనే ఉంది.

"దానికిష్టం లేదు రా, మీ నాన్నను వదిలెయ్యమను."

ఆ మాట మీద పడి నా నవ్వు వినిపిస్తోంది.