బజారంతా పాడిన మా చిన్నాయన పాట

మా చిన్నప్పుడు... చిలమత్తూరు బజార్లో, మా తాత కిరాణా అంగడి ముందర, ఒక సాయంత్రం ఊరంతా గుమిగూడింది. పెళ్లీ కాదు, పంచాయితీ కాదు. మా చిన్నాయన పాడిన రికార్డు వచ్చిందని!

చిన్నాయనంటే మా నాయనకు తమ్ముడు. బీఏ చదువుకోమని బెంగళూరు పంపిస్తే, అక్కడ ముగ్గురు స్నేహితులతో కలిసి గిటార్ల జట్టు కట్టాడు. అరవైల చివరి రోజులవి... చెవుల మీదికి జుట్టు, కాళ్లకు అతుక్కుపోయే గొట్టం ప్యాంట్లు. "నాకు కూతురు లేని కొరత తీర్చినావు గదరా" అని మా అవ్వ ఆ జుట్టు పట్టుకుని నవ్వేది.

వాళ్ల పాటలు ఒక రికార్డు కంపెనీ ఆయన చెవిన పడితే, ఆయన నలుగుర్నీ మద్రాసుకు పిలిపించాడు. ఆ సంగతులు చిన్నాయన చెప్తుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. గోడలన్నిటికీ మెత్తటి గుడ్డలంట... నలుగురి మధ్య ఒకటే మైకంట... పాట చివర్లో ఎవరు దగ్గినా మళ్లీ మొదటి నుంచి పాడాలంట! డ్రమ్ము మోత ఎక్కువైందని ఆ అబ్బాయిని గది మూలకు తోశారంట. ఒక పాటకు గలగలమనే చప్పుడు కావాల్సొస్తే, అవ్వ మూట కట్టిచ్చిన ఎండు చెనిక్కాయలు... అదే, వేరుశనగ కాయలు... పౌడరు డబ్బాలో పోసి ఊపారంట. మా ఊరి కాయలు మద్రాసు పోయి రికార్డులోకి ఎక్కాయంటే నాకు ఎంత గొప్పో!

రికార్డు నిండా ఇంగ్లీషు పాటలే. ఒక్కటి మాత్రం తెలుగు. అది చిన్నాయన సొంతంగా కట్టి, తానే పాడింది.

అయితే ఇంట్లో పెద్ద పేచీ ఉండేది. చదువైపోయింది కాబట్టి చిన్నాయన ఇంక అంగట్లో కూర్చోవాలని తాత. జట్టుతోనే ఉంటానని చిన్నాయన. చివరికి తాత ఒక మాట అన్నాడు.

"ఊరోళ్ల ముందర ఆ రికార్డు ఏయించు. బాగుండాదంటే పో. నవ్వినారంటే మాత్రం నోరు మూసుకొని గల్లాపెట్టె కాడ కూచో."

తాత మాటంటే మాటే.

ఇంతలో మా అవ్వ తన పని తాను చేసేసింది! మా ఇంట్లో కొత్త వస్తువేదొచ్చినా బొట్టు పెట్టందే వాడేవాళ్లు కాదు. తక్కెడైనా, సైకిలైనా, రేడియో అయినా సరే. చిన్నాయన స్నానానికి పోయినప్పుడు అవ్వ రికార్డు బయటికి తీసి, పసుపూ కుంకుమా తడిపి నిండుగా బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని మళ్లీ అట్టలో పెట్టేసింది. మా నల్ల రికార్డు పెళ్లికూతురైంది!

మైకుసెట్టు మస్తానన్న పాటల పెట్టె తెచ్చాడు. అంగడి కప్పు మీద మైకు గొట్టం కట్టాడు. మొదటివైపంతా ఇంగ్లీషు. జనం కదలకుండా విన్నారు. "ఒక్క ముక్క అర్థం కాలేదప్పా... గొంతులు మాత్రం బాగుండాయి" అన్నారెవరో. తాత ముఖంలో ఏమీ తెలియలేదు.

రెండోవైపు తిప్పినప్పుడు బొట్టు కనిపించింది. ఎండి, గీతల్లో పట్టుకుపోయింది. చిన్నాయన పంచె చెంగుతో తుడిచాడు గానీ అవ్వను ఒక్క మాటా అనలేదు.

తెలుగు పాట మొదలైంది. "వచ్చి వచ్చి పోతావేమి... నిలబడు మబ్బా..." నేను చిన్నాయన ముఖమే చూస్తున్నా. నోరు మూసుకునే ఉన్నాడు... గొంతేమో కప్పు మీది నుంచి వస్తోంది! అంత వింత నేను మళ్లీ చూడలేదు. వెనక చెనిక్కాయల గలగల వినపడగానే అవ్వ "నా కాయలే!" అని అరిచేసింది.

అంతలోనే పాటల పెట్టె ముల్లు బొట్టు దగ్గర చిక్కుకుంది.

"నిలబడు మబ్బా... నిలబడు మబ్బా... నిలబడు మబ్బా..."

చిన్నాయన ముఖం పాలిపోయింది. ఇంక నవ్వుతారు, అయిపోయింది అనుకున్నా. కానీ ఆ ఏడు చినుకు లేదు, విత్తనం పడలేదు. గుడి దగ్గర రోజూ వాన భజనలే. భజనలో ముందు ఒకరు పాడితే, వెనక అందరూ అందుకోవాలి గదా... భజన నారాయణప్ప ఇదీ అట్లాంటిదే అనుకున్నాడు. తాళాలు తీసి అందుకున్నాడు. "నిలబడు మబ్బా!" వెంటనే ఆడోళ్లు, మొగోళ్లు, బండ్లు తోలేవాళ్లు... బజారు బజారంతా అందుకుంది. రికార్డు అడుగుతాంటే ఊరు పలుకుతాంది. చిన్నాయన ముల్లు తీయబోతే మస్తానన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఉండప్పా... పాడనీ!"

వాన రాలేదు లెండి. ఆకాశానికి మా మొర ఎప్పుడు పట్టింది గనుక!

కాసేపటికి మస్తానన్నే ముల్లు జరిపితే పాట ముగిసింది. తాత లేచి పాటల పెట్టె దగ్గరికొచ్చాడు.

"ఆ గొంతు నీదేనా?"

"నాదే నాయనా."

"పుట్టినప్పట్నుంచి నా ఇంట్లోనే ఉండాది గదరా... నాకెట్ల ఇనపడలేదు?"

తాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "పో... పాడుకోపో" అన్నాడు. అంతలోనే జనం మీద గయ్యిమన్నాడు. "మీకేం పనప్పా ఈడ, బేరాలకు అడ్డం!"

బయట ఆ రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. కుర్రచేష్టలని ఏదో పత్రికలో రాశారంట. రెండోది రానే లేదు. జట్టు చెదిరిపోయింది. చిన్నాయన బెంగళూరులోనే పిల్లలకు గిటారు నేర్పుతూ బతికాడు. బాధ లేదా అని ఒకసారి అడిగితే నవ్వి, "మా నాయన ఇన్నాడు గదా పాపా... సాలు" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది, ఎవరి పాట వాళ్ల చెవుల్లోనే... లోకంలోని గొంతులన్నీ వింటున్నాం. మరి మీ ఇంట్లో పాడేది ఎవరు? వంటింట్లోనో, పెరట్లోనో, ఎవరూ వినట్లేదనుకుని పాడే ఆ మనిషి పేరు ఇక్కడ రాయండి... రాసేముందు, ఒకసారి పోయి వినిరండి.