పువ్వుకు ఆదివారం తెలియదు

మా చేను గద్వాలకు దగ్గర్లో ఉంది. విత్తన పత్తి వేస్తాం. ఆ పని తెలియని వాళ్లకు చెప్పాలంటే, సాయంత్రం పూట ఆడ వరుసలోని మొగ్గలను బొటనవేలి గోటితో గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుగా ఎర్ర కాగితం తగిలించాలి. మర్నాడు పొద్దున మగ వరుసలోని పువ్వు తెంపి ఆ మొగ్గకు రుద్దాలి. ఆ ఒక్క పూట దాటితే మొగ్గ పనికిరాదు. రెండు నెలల పాటు చేను వదిలి కదలడానికి ఉండదు.

అందుకే ఆ సంవత్సరం వరసగా ఏడు ఆదివారాలు నేను చర్చికి పోలేదు. ఐదో వారం మా పాస్టరమ్మ గట్టు మీదికి వచ్చి, "వచ్చే వారమన్నా వస్తవా బిడ్డా?" అని అడిగింది. అప్పటికే నా నడుము విరిగిపోతోంది. పైగా నాకు నోటిదురుసు ఎక్కువ. "పువ్వుకు ఆదివారం తెల్వదమ్మా" అన్నాను, తలెత్తకుండానే. ఆమె గట్టు దిగి వెళ్లిపోయింది.

ఏడో ఆదివారం దాటాక వచ్చిన శనివారం, సాయంత్రం కావస్తోంది. చేను అవతలి కొసన మా ఆయన ముక్కుకు తువ్వాలు చుట్టుకొని పురుగుల మందు కొడుతున్నాడు. నేను మొగ్గలు గిల్లుతున్నాను. పంపు చప్పుడు ఆగింది. నీళ్లు కలుపుకుంటున్నాడేమో అనుకొని ఇంకో పది మొక్కలు చూశాను. ఆ పది మొక్కలు నన్ను ఇప్పటికీ వదలవు. వెళ్లి చూసేసరికి నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. గద్వాల తీసుకుపోయాం, అక్కడి నుంచి వనపర్తి ఆసుపత్రికి పంపారు. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు.

ఆదివారం పొద్దున ఆయన్ని ఉంచిన గది తలుపు ముందు నేల మీద కూర్చున్నాను. ప్రార్థన చేయడానికి భయపడ్డాను. నోరు తెరిచి "తండ్రీ" అంటే దేవుడికి నేను గుర్తొస్తాను. నాతోపాటు ఏడు ఆదివారాలూ, గట్టు దగ్గర అన్న మాటా గుర్తొస్తాయి. బడిలో పాఠం రానప్పుడు పంతులు కంట పడకుండా తల దించుకున్నట్టు కూర్చున్నాను. తలుపు చప్పుడైతే గుండె ఆగేది, చప్పుడు లేకపోతే ఇంకా భయం వేసేది. నన్ను కొట్టవలసిన దెబ్బ ఆయనకు తగిలిందని నాకు గట్టిగా అనిపించింది.

ఫోను మోగింది. పాస్టరమ్మ. ఎత్తడానికి చేయి రాలేదు. రెండోసారి మోగితే ఎత్తాను.

"బిడ్డా, మగ వరుస తూర్పు దిక్కున్నదేనా?"

నాకేమీ అర్థం కాలేదు.

"మీ చేన్లనే ఉన్నం. చర్చి ఆడోళ్లమంతా వచ్చినం. నిన్న నువ్వు గిల్లిన మొగ్గలు ఎండిపోవద్దు గద. ఆరాధన ఈడనే చేస్కుంటం."

"ఆదివారం గదమ్మా."

"పువ్వుకు తెల్వదని నువ్వే జెప్తివి" అంది. ఆ గొంతులో దెప్పు లేదు.

అప్పుడు ఏడుస్తూ అడిగేశాను. "దేవునికి నా మీద కోపమొచ్చిందా అమ్మా? చర్చికి రాలేదని గిట్ల చేసిండా?"

"ఎందుకైందో నాకు తెల్వదు బిడ్డా. మందు పాడుది, తువ్వాలకు ఆగదు, గంతే నాకు తెలిసింది. కోపం మీదుంటే గింతమందిని నీ చేన్లకు ఎందుకు తోలుతడు? ఫోన్ పెట్టెయ్యకు. పని చేస్కుంట పాడ్తం, ఇను."

ఫోను గట్టు మీద పెట్టినట్టుంది. పాట దూరం నుంచి వినిపించింది, ఒకరు ముందు, ఒకరు వెనక, శ్రుతి లేకుండా. మధ్యలో ఎవరో "ఈ మొక్క అయిందా?" అని అడుగుతున్నారు. ఫోను చెవికి ఆనించుకొని, గోడకు ఒరిగి, "తండ్రీ" అన్నాను. భయం పోలేదు. కానీ ఇక దాక్కోవలసిన పని లేదనిపించింది, నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి కిందికి దిగింది. కాసేపటికి నర్సు తలుపు తీసి పిలిచింది. ఏం చెబుతుందో తెలియకుండానే లేచి వెళ్లాను.

మంగళవారం ఆయన కళ్లు తెరిచాడు. మాట రావడానికి ఇంకో రోజు పట్టింది. "మొగ్గలు ఎండిపాయెనా?" అని మొదట అదే అడిగాడు. ఆయన కుడిచేయి ఈనాటికీ కొంచెం వణుకుతుంది. ఎక్కడైనా పంపు చప్పుడు ఆగితే నా గుండె జారుతుంది.

నెల తర్వాత ఇద్దరం చర్చికి వెళ్లాం. ఆదివారం మా ఆడవాళ్లమంతా తెల్లచీరలే కడతాం. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాను. ఏమేం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను. ముందు వరుసలో పాస్టరమ్మ కొంగు మీద, పక్కనున్న వాళ్ల చీరల మీద, ఎంత ఉతికినా పోని పత్తి మొగ్గల మరకలు కనిపించాయి. అంత నోరున్నదాన్ని, ఒక్క మాటా రాక కూర్చుండిపోయాను.